ఆ పేరు గల మనిషి

మా ఊర్లో పిల్లలకు మాటలు వచ్చీరాగానే ఒక అబద్ధం నేర్పేవాళ్లు. పోలీసు జీపు వచ్చి ఎవరి పేరైనా అడిగితే, ఆ పేరు గల మనిషి ఈ ఊర్లో లేడని చెప్పాలి. అడిగింది నీ సొంత పేరైనా సరే. అఆలు తప్పితే అయ్యవారొక్కడే కొట్టేవాడు, ఇది తప్పితే ఊరంతా కొట్టేది. నాకు ఐదేళ్లప్పుడే మా తాత కుళ్లాయప్ప పరీక్ష పెట్టాడు. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, గొంతు లావు చేసుకుని, "ఏమ్ పాపా, కుళ్లాయప్ప ఉండాడా?" అని అడిగాడు. "ఆ పేరు గలోళ్లు ఈ ఊర్లో ల్యారు సార్" అన్నాను తడుముకోకుండా. మెచ్చుకుని నా చేతిలో పిడికెడు వేయించిన శెనక్కాయలు పోశాడు.

ఇప్పుడు నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ పాఠం మా ఇంట్లో పుట్టిందే. నేను పుట్టకముందు మా ఊర్లో రెండు పార్టీల గొడవలో ఒక మనిషి చచ్చిపోయాడు. మరుసటి పొద్దున జీపు వచ్చి మా పెదనాయన రామప్ప పేరు అడిగింది. ఆయన ఆ గొడవలో లేనే లేడు, గొర్రెలు తోలుకుని గుట్ట మీద ఉన్నాడు. తప్పు చెయ్యని వాడికి భయమెందుకనుకుని మా తాత, "ఉండాడు సార్, లోపల నిద్రపోతాండాడు" అన్నాడు. అనడమే కాదు, తనే లోపలికి పోయి, "లేయ్ నాయనా, ఏం కాదు, నేనుండా" అని కొడుకును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించాడు. ఎదురుపార్టీ బయ్యన్న, రామప్పను గొడవలో చూశానని సాక్ష్యం చెప్పాడు. జైలు నుంచి వచ్చిన పెదనాయన ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు, దగ్గితే నెత్తురు పడేది. ఎంతో కాలం బతకలేదు. ఆ తర్వాత మా తాత నోట 'ఉండాడు' అనే మాట ఏ పోలీసూ వినలేదు.

ఇది తెలిస్తేనే నేను టెన్త్ పరీక్షలు రాసిన ఎండాకాలంలో మా ఇంట్లో ఏం జరిగిందో అర్థమవుతుంది.

అప్పటికి మా అమ్మ మల్లీశ్వరి కువైట్‌లో ఉంది. ముదిగుబ్బ నుంచి కదిరి దాకా ఆ వైపు పల్లెలన్నిటిదీ అదే కథ. వానలు మొహం చాటేస్తే మగవాళ్లు బెంగళూరుకు సిమెంటు పనికి పోయేవాళ్లు, ఆడవాళ్లు అరబ్బుల ఇళ్లల్లో పాచిపనికి విమానం ఎక్కేవాళ్లు. బస్సెక్కితే వాంతి చేసుకునే మా అమ్మ విమానం ఎక్కి పోయింది. నేనప్పుడు ఐదో తరగతి. దిగినరోజే ఆ ఇంటాయన ఆమె పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. అక్కడ అందరూ అంతేనట. జీతం ఇవ్వకపోగా ఆ ఇంటామె చెయ్యి చేసుకుంటుంటే, ఒక ఏడాది ఓర్చుకుని, ఒకరోజు చెత్తబుట్ట పారబొయ్యడానికని బయటికి వచ్చి అటే పారిపోయింది. మనిషి బయటపడింది, పాస్‌పోర్టు బీరువాలోనే ఉండిపోయింది. అది లేకుండా అక్కడ ఉండటం నేరం, అది లేకుండా ఇంటికి రావడానికీ లేదు. అలా ఎటూ కాకుండా, ఆ ఇంట్లో ఈ ఇంట్లో దొంగచాటుగా పనిచేసుకుంటూ నాలుగేళ్లు గడిపింది.

మా పల్లెలో ఫోన్ లేదు. మండలం సెంటర్లో ఈరన్న ఎస్టీడీ బూతుకు శుక్రవారం శుక్రవారం అమ్మ ఫోన్ చేసేది. అక్కడ వాళ్లకు ఆరోజే సెలవు. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం నేనొక్కదాన్నే పోయాను. ఎప్పుడూ నీరసంగా పలికే గొంతు ఆరోజు ఉరుకులు పెడుతోంది.

"హేమా, నాయన రాల్యా?"

"బోరుకాడ ఉండాడు మా. మోటరు కాలిపోయింది."

"సర్లే, నువ్వన్నా బాగా విను. ఈడ గవర్నమెంటోళ్లు మాఫీ ఇచ్చినారు. కాగితాలు లేనోళ్లు జూన్ ఆఖరు లోపల సొంత దేశం ఎల్లిపోతే కేసు ల్యా, జైలు ల్యా. నేను మన ఎంబసీకి పోయినా. పాస్‌పోర్టు లేకపోయినా అవుట్‌పాస్ అని ఇస్తారంట. ఒకసారి ఇంటికి వచ్చేకి పనికొస్తాది, అంతే."

"ఇచ్చినారా మరి?"

"జిరాక్సు ఉండేవాళ్లకు అప్పటికప్పుడే ఇచ్చినారు. నాకాడ అదీ ల్యా గదా. నేను ఆ ఊరి మనిషినేనని మన జిల్లా నుంచి తెలియాలంట. ఊరికి కాగితం పంపిస్తారంట. దానికి జవాబు పోతే చాలు, నా చేతికి ఇచ్చేస్తారు. మీ నాయనకు చెప్పు, తాతకు చెప్పు. కాగితం వస్తాది, సూసుకోండి."

"చెప్తా మా."

"పొడుగైనావా?"

"నీ భుజం దాటింటా."

"యాడ దాటేది? నా నడుముకాడికి ఉంటివి నువ్వు" అంది. అంతలో లైను తెగిపోయింది. నాకు అమ్మ కావాలి. ఐదేళ్లు ఆ మాట ఎవరికీ చెప్పకుండా గట్టిదాన్నని పేరు తెచ్చుకున్నాను గానీ, నాకు అమ్మ కావాలి. ఇంటికి పోయేదాకా బస్సులో ఏడుస్తూనే ఉన్నాను.

కాగితం వస్తుందంటే పోస్టులో వస్తుందనుకున్నాం. పల్లెటూరి వాళ్లం, కాగితానికి ఇంకో దారి ఉంటుందని మాకెవరు చెబుతారు? తాత రోజూ పొద్దున సంగటి తిని, ఊరి మొదట్లో కానుగ చెట్టు కింద పోస్టుమాన్ కోసం కూర్చునేవాడు. మా అమ్మ ఆయనకు కోడలే కాదు, తోడబుట్టిన చెల్లెలి కూతురు. జైలు నుంచి వచ్చిన పెదనాయన వాంతులు ఎత్తిపోసింది, ఆయన కాలికి నూనె రాసింది ఆమే. తాత పోస్టుమాన్‌ను పట్టుకుని, "కువైట్ కాగితమప్పా, కువైట్ది, బాగా సూడు" అని బ్యాగులో చెయ్యి పెట్టబోయేవాడు. పోస్టుమాన్ విసుక్కునేవాడు. తాత ఇంటికి వచ్చి గోడలకు ఎర్రమట్టి పూసేవాడు, మా అమ్మకు ఇష్టమని ఊరిబిండి పచ్చడికి మంచి శెనక్కాయ బేళ్లు ఏరి డబ్బాలో పెట్టేవాడు.

మే నెలలో మా ఊరికి నీళ్ల ట్యాంకరు వచ్చేది. అది ఊరి బయట గుట్ట దగ్గర ఆగేది, అక్కడ బిందెల కోసం జుట్లు పట్టుకోవడం మాకు రోజూ ఉండే పనే. ఒకరోజు సాయంత్రం నేను ట్యాంకరు దగ్గర ఉండగా జీపు దుమ్ము రేపుకుంటూ ఊర్లోకి పోయింది. ట్యాంకరు దగ్గరున్న మగవాళ్లు బిందెలు వదిలేసి గుట్టెక్కారు. మా నాయన వీరేష్ కూడా ఎక్కాడు. పాత కేసులో ఆయన పేరు ఎప్పుడో కొట్టేశారు, అయినా జీపు చప్పుడుకు ఆయన కాళ్లు వాటంతటవే గుట్ట వైపు పోయేవి. కాసేపటికే జీపు తిరిగి వెళ్లిపోయింది.

నేను బిందె దించేటప్పటికి తాత అరుగు మీద మీసం దువ్వుకుంటున్నాడు. ఆ మనిషి మొహం అంత వెలిగిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఎవురి కోసం వచ్చినారు తాతా?"

"మీయమ్మ కోసం" అన్నాడు మెల్లగా, చుట్టూ చూసి. "మల్లీశ్వరి, భర్త వీరేష్, అని కానిస్టేబులు పేరు సదివినాడు. ఈ ఊరేనా, మీ మనిషేనా అని అడిగినాడు. ఆ అరబ్బోడు ఏం దొంగతనం కేసు పెట్టినాడో ఏమో. ఇల్లు ఇడిసి పారిపొయ్యి వచ్చింది గదా, వాళ్లు ఊరికే ఉంటారా? ఈడికి వచ్చిందేమోనని దేవులాడేకి వచ్చినారు. నేను సిక్కుతానా! ఆ పేరు గల మనిషే ఈ ఊర్లో ల్యా సార్, నేను పుట్టినప్పటి నుంచి ఇనల్యా అని చెప్పినా."

"నమ్మినారా?"

"నమ్మకేం? పక్కింటి లక్ష్మక్కను అడిగినారు, ఆమె అదే చెప్పింది. ఎదురింట్లో అడిగినారు, వాళ్లూ అదే. ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది పాపా" అని నా తల నిమిరాడు.

దీపాలు పెట్టే వేళకు నాయన గుట్ట దిగి వచ్చాడు. సంగతి విని, "మంచి పని చేసినావు నాయనా" అన్నాడు. ముగ్గురం ఊరిబిండి వేసుకుని సంగటి తిన్నాం. మా అమ్మను కాపాడుకున్నామని ఆ పూట మాకు ఆకలి ఎక్కువే వేసింది.

తర్వాత రెండు శుక్రవారాలు అమ్మ ఫోన్ రాలేదు. మూడో శుక్రవారం వచ్చింది. ఈసారి గొంతులో ఉరుకు లేదు.

"హేమా, నేను లేనని చెప్పినారంట గదా."

"ఏంది మా?"

"ఎంబసీలో చెప్పినారు. మీ ఊరికి పోలీసులను పంపిచ్చి విచారించినారు, ఆ పేరు గల మనిషి ఆ ఊర్లోనే లేదని రాసి పంపిచ్చినారు, నువ్వు ఏ దేశందానివో ఏమో, నీకు అవుట్‌పాస్ ఎట్ల ఇచ్చేది అంటాండారు. ఎవురు పాపా నేను లేనని చెప్పింది?"

బూతు లోపల ఫ్యాను లేదు. చెమట కంట్లోకి కారుతుంటే నాకు ఆ జీపు, ఆ దుమ్ము, తాత మీసం అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. మేం పోస్టుమాన్ కోసం ఎదురుచూసిన కాగితం జీపులో వచ్చిపోయింది.

"తాత మా" అన్నాను. "నిన్ను పట్టుకోని పోయేకి వచ్చినారనుకున్న్యాడు. ఊరంతా అదే చెప్పినారు."

అమ్మ నవ్వింది. "నేనుండి ఉంటే నేను గూడా అదే చెప్పింటా" అంది. "తాతను ఏమీ అనద్దండి. మళ్లా ఎవురన్నా పోయి సరిగ్గా చెప్తే రాసి పంపుతారేమో సూడండి. జూన్ ఆఖరు దాటితే నన్ను జైల్లో ఏస్తారు పాపా."

ఇంటికి పోయి ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్లు చెప్పేశాను. నాయన తలపట్టుకుని గడప మీద కూర్చున్నాడు. తాత మాత్రం కదలకుండా విన్నాడు. పోస్టుమాన్ దగ్గర అడిగినట్లే, "కువైట్ కాగితమేనా అది? జీపులో వచ్చినది?" అని ఒక్కసారి అడిగాడు. అవునన్నాను. లేచి దొడ్లోకి పోయి, ఎర్రమట్టి కలిపిన చట్టిని కాలితో తన్నాడు. మట్టి కాళ్లకు అంటుకుంటే కడుక్కోకుండా అట్లాగే కూర్చున్నాడు.

మరుసటి రోజు పొద్దున నన్ను తోడు తీసుకుని స్టేషన్‌కు బయల్దేరాడు. నాయన వస్తానని లేచాడు గానీ, బస్సు దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహంలో నెత్తురు లేదు. "నువ్వుండు. నేను సెడగొట్టినా, నేనే సూసుకుంటా" అన్నాడు తాత. స్టేషన్ గేటు దగ్గర తాత కూడా ఆగిపోయాడు. "ఈ గేట్లోనే రామప్పను దింపినారు" అన్నాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చెప్పులు గేటు బయటే విడిచి, గుళ్లోకి పోయినట్లు లోపలికి పోయాడు.

ఎస్సై కోస్తా మనిషి, వయసు తక్కువ. తాత చెప్పిందంతా ఓపిగ్గానే విన్నాడు.

"అప్పుడు లేదన్నావు, ఇప్పుడు ఉందంటున్నావు. ఎందుకు అబద్ధం చెప్పావు పెద్దాయనా?"

తాత రామప్ప సంగతి చెబుతాడేమో అనుకున్నాను. చెప్పలేదు.

"అలవాటు సార్" అన్నాడు.

ఎస్సై నవ్వలేదు, కోప్పడలేదు. "లేదని ఒకసారి రాసి పంపాక ఉందని రాయాలంటే నాకు ఆధారం కావాలి. మీ చుట్టం కాని మనిషి, ఆ ఊరివాడు ఎవరైనా వచ్చి, ఈమె మా ఊరి మనిషే అని చెప్పి సంతకం పెడితే మళ్లీ పంపిస్తాను. ఒక్కరు చాలు" అన్నాడు.

ఒక్క మనిషే గదా అనుకున్నాం. ఊర్లో సగం మంది మాకు చుట్టాలు, వాళ్లు పనికిరారు. మిగతా సగం మంది, స్టేషన్ అనే మాట వినగానే వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడటం మొదలుపెట్టారు. సంతకం పెడితే కోర్టుకు తిప్పుతారు, ఎప్పటికీ వదలరు, పాత కేసులు తవ్వుతారు, ఇదే మాట అన్ని గడపల్లోనూ. లక్ష్మక్క అయితే తాత చేతులు పట్టుకుని ఏడ్చింది. "మల్లి నాకు సెల్లెలు లెక్క కుళ్లాయప్ప మామా. నా బర్రెను అడుగు, ఇప్పుడే తాడిప్పి ఇస్తా. స్టేషన్‌కు మాత్రం రాలేను, నన్ను అడగద్దు" అంది. తప్పేముంది? ఆమె కూడా మా బడిలోనే చదువుకుంది. ఈలోగా జూన్ వచ్చింది, విత్తేందుకు సరిపడా ఒక వాన పడింది, జనం విత్తనాలకు పరుగులెత్తారు. మా మాట వినే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది.

ఒకరోజు తాత చొక్కా వేసుకుని, వీధి చివర సందు మలుపు తిరిగాడు. ఆ సందులో మా ఇంటి మనుషులు నడిచి ఎన్నో ఏళ్లయింది. అది బయ్యన్న ఇంటి సందు. నేను వెనకాలే పరుగెత్తాను.

బయ్యన్న కళ్లంలో గుంటక చెక్కుతున్నాడు. ముసలివాడైపోయాడు, చూపు ఆనదు. మమ్మల్ని చూసి బాడిస కింద పెట్టాడు.

"ఎవురు, కుళ్లాయప్పన్నా?"

"ఊ."

"కూకో."

"కూకునేకి రాల్యా. బయ్యన్నా, స్టేషన్లో సాక్ష్యం చెప్పేది నీకు తెలిసిన పనే గదా. ఇంగొకసారి చెప్పల్ల."

బయ్యన్న ఇంటి ఆడవాళ్లు గడపలోకి వచ్చి నిలబడ్డారు. తాత కోడలి సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాడు. బయ్యన్న విని, గుంటక మీది చెక్కపొట్టు చేత్తో తుడుస్తూ, "అన్నా, ఆ పొద్దు రామప్ప మీద నేను..." అని ఏదో మొదలుపెట్టాడు.

"అది అడిగేకి రాల్యా" అన్నాడు తాత.

బయ్యన్న లేచాడు. "ఉండు, సొక్కా ఏసుకోని వస్తా" అన్నాడు.

ముగ్గురం ఒకే బస్సులో పోయాం. ఇద్దరు ముసలివాళ్లూ ఒకే సీట్లో కూర్చుని, ఒకరు కిటికీలోకి, ఒకరు దారిలోకి చూస్తూ వచ్చారు. ఈమె మీకెలా తెలుసు అని ఎస్సై అడిగితే బయ్యన్న, "వీళ్ల ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి తెలుసు సార్. ఆ పెండ్లిలో నేను బువ్వ తినల్యా, మా పార్టీలు వేరు. కానీ పెండ్లికూతురును సూసినా" అన్నాడు. కళ్లు కాగితానికి ఆనించుకుని సంతకం పెట్టాడు. ఎస్సై మా ఎదురుగానే రిపోర్టు రాయించాడు. తిరిగి వచ్చి బస్సు దిగాక తాత ఏదో అనబోయాడు. బయ్యన్న అప్పటికే తన సందులోకి తిరిగిపోయాడు.

మా పని అయిందనుకున్నాం. ఆ రిపోర్టు మా స్టేషన్ దాటి, అనంతపురం దాటి, హైదరాబాదు దాటి, ఢిల్లీ చేరి, సముద్రం దాటాలని మాకు తట్టలేదు. జూన్ ఆఖరు శుక్రవారం అమ్మ చేసింది. ఇంకా రాలేదంటున్నారని చెప్పింది.

"పంపిచ్చినారు మా. తాత స్టేషన్‌కు పోయి చెప్పొచ్చినాడు."

"ఎవురు? మామనా?"

"అవును. లోపలికి పోయినాడు. బయ్యన్నను గూడా పిల్చుకోని పోయినాడు."

అమ్మ ఏడుస్తోందని తెలుస్తోంది. "మామ నా కోసం ఆ గేట్లోకి పోయినాడా" అని మాత్రం పదే పదే అంది. అదే ఆమె చివరి ఫోన్.

గడువు దాటిపోయింది. శుక్రవారం శుక్రవారం నేను బూతు దగ్గర కూర్చునేదాన్ని. ఫోన్ మోగేది, వేరే ఊరి వాళ్లది అయ్యేది. ఈరన్న నా మొహం చూడలేక, "రేపు వారం వస్తాదిలే పాపా" అనేవాడు. ఆగస్టులో కదిరి దగ్గర నుంచి ఒకామె వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. తను అమ్మతో ఒకే గదిలో ఉండేదట, మాఫీలో వచ్చేసిందట. గడువు అయిపోయిన వారానికే బస్టాపులో మా అమ్మను పట్టుకున్నారని, అక్కడి జైల్లో వేశారని తోటివాళ్లు తనకు ఫోన్లో చెప్పారట. అదంతా చెప్పి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. అంతకుముందే నా టెన్త్ ఫలితాలు వచ్చాయి, ఫస్టు క్లాసు. ఆ మాట నేను ఎవరికీ సంతోషంగా చెప్పలేదు.

అమ్మ శెనక్కాయ పీకుడప్పుడు వచ్చింది. ఆ ఏడూ పంట లేదు. చెట్టు పీకితే వేర్లకు ఒకటీ రెండూ కాయలు, అవీ గింజ లేని తప్పలు. మధ్యాహ్నం నేను చేన్లో ఉండగా గట్టు మీద ఎవరో ఒకామె నిలబడింది. ఒంటి మీద తనది కాని వదులు చుడీదారు, కత్తిరించిన జుట్టు, చేతిలో ప్లాస్టిక్ కవరు. దగ్గరికి పోయేదాకా గుర్తుపట్టలేదు. నేను ఆమె భుజం దాటడం కాదు, ఆమే నా భుజం దగ్గరికి ఉంది. నా చెంపలు తడిమి, "పొడుగైనావు" అంది. జైలు నుంచే విమానం ఎక్కించారట. మా రిపోర్టు ఆలస్యంగా చేరాక ఎంబసీ ఇచ్చిన అవుట్‌పాస్ బొంబాయిలో దిగగానే తీసేసుకున్నారట, అది ఒక్కసారికే గదా. తోటి ఆడవాళ్లు చందాలేసి రైలెక్కిస్తే ధర్మవరం దాకా వచ్చింది.

అరుగు మీది తాత ఆమెను చూసి లేవబోయి లేవలేకపోయాడు. అమ్మే పోయి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "ఉండావా మామా" అంది. "ఉండా తల్లీ" అన్నాడు తాత.

వచ్చింది గానీ, పోయిన అమ్మ కాదు వచ్చింది. పోకముందు మా అమ్మ ఊరివాళ్ల జీపు భయాన్ని చూసి ఎగతాళి చేసేది. ఆకాశంలో గద్ద అరిచినా మీ నాయన గుట్టెక్కుతాడు అనేది. ఇప్పుడు ట్యాంకరు చప్పుడైనా, బెంగళూరు పోయే లారీ హారన్ కొట్టినా, చేతిలో పని వదిలేసి లోపలి గదిలోకి పోయేది. జైల్లో ఏం జరిగిందని నేను అడిగాను, నాయన అడిగాడు. "ఏముంటాది, జైలే" అనేది. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడేది. అందుకని ఇంట్లో ఎవరం ఆమెను పేరుతో పిలవడం మానేశాం.

దీపావళి దాటాక ఒక సాయంత్రం జీపు వచ్చింది. నాయన యథాప్రకారం గుట్ట మీద ఉన్నాడు. దిగింది ఎండాకాలంలో వచ్చిన కానిస్టేబులేనట. అరుగు దగ్గరికి వచ్చి, ఈసారి మెత్తగానే అడిగాడు.

"ఏమ్ పెద్దాయనా, మల్లీశ్వరి వచ్చిందా? ఇల్లు చేరిందో లేదో సూసి రాసి పంపమని పైనుంచి అడిగినారు. భయమేం ల్యా."

తాత కట్టె ఊతంగా నిలబడ్డాడు. రామప్ప తర్వాత మొదటిసారి, నేను పుట్టాక మొదటిసారి, ఆ మాట ఆయన నోటి నుంచి విన్నాను.

"ఉండాది సార్. నా కోడలు. లోపలుండాది."

"మంచిది. ఒకసారి బయటికి పిలువు. మనిషిని సూసి సంతకం తీస్కోని పోతా."

నేను లోపలికి పోయాను. అమ్మ రాగుల మూటల వెనక గోడకు అతుక్కుని, కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. నన్ను చూడగానే నా చెయ్యి పట్టుకుని గట్టిగా కిందికి లాగింది. "మా, ఏం కాదు. ఊరికే సూసిపోయేకి వచ్చినారు, ఒక్క సంతకం" అన్నాను. ఆమెకు వినపడలేదు. నా చెవిలో నోరు పెట్టి, పళ్లు టకటకలాడుతుంటే, "ఆ పేరు గలోళ్లు ఈ ఊర్లో ల్యారని చెప్పు పాపా. చెప్పు. చెప్పు పాపా" అంది.

బయట కానిస్టేబుల్ మళ్లీ పిలిచాడు. తాతే లోపలికి వచ్చాడు. వస్తూనే, "రామ్మా, ఏం కాదు, నేనుండా" అని చెయ్యి చాపాడు. అంతే, ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. కొడుకును నిద్రలేపిందీ ఆ మాటతోనే, ఆ చెయ్యితోనే, ఆ గదిలోనే. తాత చెయ్యి వెనక్కి తీసుకుని, మూటల వెనక వణుకుతున్న కోడలిని చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బయటికి పోయాడు. నేను గడపలోకి వచ్చాను.

"ల్యా సార్" అన్నాడు తాత. "నాకు కండ్లు సరిగ్గా ఆనవు. ఎవురినో సూసి నా కోడలనుకున్న్యా. ఆ పేరు గల మనిషి ఈ ఊర్లో ల్యా."

కానిస్టేబుల్ నా వైపు చూశాడు. గడప పక్కన విడిచిన అమ్మ చెప్పుల వైపు చూశాడు. "ఆలోచించుకో పెద్దాయనా. మనిషిని సూడకుండా వచ్చిందని నేను రాయలేను. తర్వాత ఏదన్నా పని పడితే మీకే కష్టం" అన్నాడు.

"ల్యా సార్" అన్నాడు తాత మళ్లీ.

ఆయన రాసుకుని జీపు ఎక్కాడు. సర్కారు లెక్కలో మా అమ్మ ఇంకా ఇంటికి చేరలేదు. ఆ తర్వాత రేషన్ కార్డులో పేరు ఎక్కించడానికి పోయినా, ఓటు రాయించడానికి పోయినా అదే అడ్డం వచ్చింది. ఆమె కూడా ఎక్కించమని ఒక్కసారైనా అడగలేదు.

జీపు చప్పుడు పూర్తిగా పోయాక అమ్మ మూటల వెనక నుంచి లేచి వచ్చి, అరుగు మీద తాత పక్కన కూర్చుంది. తాత జేబులో చెయ్యి పెట్టి పిడికెడు వేయించిన శెనక్కాయలు తీసి ఆమె అరచేతిలో పోశాడు. అమ్మ ఒక్కొక్కటే ఒలుచుకుని తింది.